మధుమేహం మందులు, స్ట్రిప్పులు, ఇన్సులిన్: ఖర్చు తగ్గించుకోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఒకరికి మధుమేహం వచ్చిందంటే నెల ఖర్చుల్లో కొత్త పద్దు ఒకటి చేరినట్టే. అప్పు ఎప్పటికైనా తీరుతుంది, పిల్లల చదువు ఒకనాటికి పూర్తవుతుంది. ఈ పద్దు మాత్రం ఆగదు. మా అమ్మకు ఇరవై ఏళ్లకు పైగా మధుమేహం. ఆమె మందులు, సూదులు, రక్తంలో షుగరు చూసుకునే స్ట్రిప్పులు కొనే పని నాదే. డబ్బు మిగులుతుందని నాకు చెప్పకుండా ఆమె కొన్ని వారాలపాటు రాత్రి మాత్ర మానేసిందని తెలిసిన రోజు నేను పడ్డ బాధ ఇంకా పోలేదు. ఖర్చు విషయం పట్టించుకొని నేర్చుకోవడం ఆ రోజే మొదలుపెట్టాను. కింద ఉన్నవన్నీ ఆ తర్వాత బంధువులు, స్నేహితులు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలే.

ఒక మాట ముందే చెప్పాలి. మోతాదు తగ్గించడం, రోజు విడిచి రోజు వేసుకోవడం వంటి సలహా ఇందులో ఎక్కడా ఉండదు. మందు మార్చే ప్రతిచోటా డాక్టరును అడిగే మార్చండి.

ఖర్చు తగ్గించాలంటే మొదట ఏం చేయాలి?

గత మూడు నెలల బిల్లులు ముందు పెట్టుకొని కూర్చోండి. మాత్రలు, ఇన్సులిన్, స్ట్రిప్పులు, సూదులు, ల్యాబ్ పరీక్షలు, డాక్టరు ఫీజు, మధుమేహం పేరు చెప్పి కొన్న పొడులు, ప్రత్యేక ఆహారాలు అన్నీ విడివిడిగా రాయండి. ఎక్కువ డబ్బు మాత్రలకే పోతోందని చాలామంది అనుకుంటారు. రాసి చూస్తే వేరే పద్దు ఏదో పైకి తేలుతుంది.

మా ఇంట్లో తేలినవి స్ట్రిప్పులు. అప్పట్లో అమ్మ వాడేది మెట్‌ఫార్మిన్ అనే మాత్ర ఒక్కటే. అయినా రోజుకు నాలుగుసార్లు రక్తం చూసుకునేది. అంటే ఏడాదికి 1,460 స్ట్రిప్పులు. ఆ అంకెలను డాక్టరు అడగలేదు, మేమూ చూపించలేదు. వాటివల్ల ఏ నిర్ణయమూ మారలేదు.

జెనరిక్ మందు నిజంగా అంతే పనిచేస్తుందా? ధర తక్కువంటే నాణ్యత తక్కువే కదా?

మందును కనిపెట్టిన కంపెనీకి పేటెంటు ఉన్నంతకాలం అమ్ముకునే హక్కు దానిదే. ఆ గడువు తీరాక వేరే కంపెనీలు అదే రసాయనాన్ని అదే మోతాదులో తయారుచేయవచ్చు, దాన్నే జెనరిక్ అంటారు. ఆ కంపెనీలకు పరిశోధన ఖర్చు, ప్రచారం ఖర్చు అంతగా ఉండవు. ధర తగ్గేది అందుకే. మెట్‌ఫార్మిన్‌నే తీసుకోండి. ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ అనే వైద్యుడు మధుమేహంలో దాని ఉపయోగాన్ని 1957లో ప్రకటించాడు. అంత పాత మందును ఖరీదైన బ్రాండు పేరుతోనే కొనవలసిన అవసరం లేదు.

జెనరిక్‌లో ఇరవై శాతం మందు తక్కువ ఉండవచ్చనే మాట తరచుగా వినిపిస్తుంది. అది అపార్థం. మాత్రలో మందు పరిమాణం అంతే ఉంటుంది. అనుమతికి ముందు జరిగే పరీక్షలో అసలు మందు, జెనరిక్ మందు రక్తంలోకి చేరే తీరును పోలుస్తారు. ఆ పోలికలో గణాంకపరమైన హద్దులుగా 80 నుంచి 125 శాతం వరకు పెట్టుకున్నారు. ఆ హద్దులను చూసి మందే తక్కువని అనుకుంటున్నారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అలాంటి 2,070 అధ్యయనాలను సమీక్షించి 2009లో ప్రచురించింది. శరీరంలోకి చేరిన మొత్తం మందులో కనబడిన సగటు తేడా సుమారు మూడున్నర శాతమే.

అయితే అనుమతి ఉన్న తయారీదారుదే కొనండి. మారిన తర్వాత మొదటి రెండు వారాలు షుగరు ఎలా ఉందో గమనించండి. ప్రతి నెలా వేరే కంపెనీ మాత్ర వస్తుంటే రంగూ ఆకారమూ మారిపోయి పెద్దవాళ్లు తికమకపడతారు. ఒకే మందు రెండుసార్లు వేసుకునే ప్రమాదం ఉంది. నచ్చిన జెనరిక్ ఒకటి దొరికితే దాన్నే కొనసాగించడం మేలు.

డబ్బు సంగతి డాక్టరు దగ్గర ఎత్తడానికి మొహమాటంగా ఉంటుంది. ఎలా అడగాలి?

మొహమాటపడితే నష్టం మీకే. మందు కొనడం లేదని చెప్పకపోతే, అది వాడినా షుగరు తగ్గడం లేదని డాక్టరు అనుకుంటారు. దాని మీద ఇంకో మందు రాస్తారు. నేను కళ్లారా చూసిన సంగతి ఇది.

సూటిగా చెప్పండి: “డాక్టరుగారూ, ఈ మందులకు నెలకు ఇంత అవుతోంది. నేను పెట్టగలిగింది ఇంత. ఈ లోపల ఎలా సర్దవచ్చో చెప్పండి.” అంకె చెబితే మాట తేలికగా ముందుకు సాగుతుంది. ఆ తర్వాత మరికొన్ని అడగండి. బ్రాండు పేరుకు బదులు మందు అసలు పేరు రాస్తారా? ఇదే పని చేసే పాత మందు ఉందా? ఈ చీటీలో ఇప్పుడు అవసరం లేనిది ఏదైనా ఉందా?

చివరి ప్రశ్న చాలామంది అడగరు. ఎప్పుడో మూడు నెలలకని రాసిన విటమిన్ మాత్ర, గ్యాస్ మాత్ర ఏళ్లతరబడి చీటీలో ఉండిపోతాయి. వయసు మళ్లి బలహీనంగా ఉన్నవారికి షుగరును మరీ గట్టిగా అదుపు చేయనక్కర్లేదని వైద్య మార్గదర్శకాలే చెబుతున్నాయి. అలాంటివారికి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల షుగరు సగటును చెప్పే రక్తపరీక్ష) 8 శాతం దగ్గర ఉన్నా చాలని డాక్టరు భావించవచ్చు. అప్పుడు ఒక మందు తగ్గవచ్చు, షుగరు పడిపోయే ప్రమాదమూ తగ్గుతుంది.

కొత్త మందులు అంత ఖరీదు పెట్టి వాడాలా? పాతవాటితో సరిపెట్టుకోలేమా?

మీకు షుగరు ఒక్కటే ఉందా, గుండెకో కిడ్నీకో కూడా జబ్బు ఉందా అన్నదే ఇక్కడ ముఖ్యం.

షుగరు తగ్గించడమే పనైతే మెట్‌ఫార్మిన్, గ్లిక్లజైడ్, గ్లిమెపిరైడ్ వంటి పాత మందులు చాలామందికి సరిపోతాయి. మెట్‌ఫార్మిన్, గ్లిక్లజైడ్ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్నాయి. గ్లిక్లజైడ్ తరగతికే చెందిన గ్లిబెన్‌క్లమైడ్ అరవై ఏళ్లు దాటినవారికి తగదని ఆ జాబితాలోనే హెచ్చరిక ఉంది. షుగరును ప్రమాదకరంగా పడగొట్టే స్వభావం దానికి ఎక్కువ. మాత్ర చవకగా దొరికినా, షుగరు పడి ఆస్పత్రి పాలైతే ఆ ఖర్చు ముందు అది ఎంత!

గుండె జబ్బు, గుండె వైఫల్యం, కిడ్నీ దెబ్బతినడం ఉన్నవారి సంగతి వేరు. 2015లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో మధుమేహంతోపాటు గుండె జబ్బూ ఉన్నవారికి ఎంపాగ్లిఫ్లోజిన్ (అదనపు చక్కెరను మూత్రంలోకి పంపే తరగతి మందు) ఇస్తే గుండె సంబంధిత మరణాలు 38 శాతం తగ్గాయి. ఆ తరగతి మందులను 2021లో అత్యవసర జాబితాలో చేర్చారు. మీ డాక్టరు అందుకోసమే రాసి ఉంటే ఖరీదని మానేయవద్దు. ఆ తరగతిలో పేటెంటు తీరి జెనరిక్‌గా దొరికేది ఏదో అడగండి. మా అమ్మ విషయంలో అలా మార్చినప్పుడు మందుల బిల్లు ఎంతో తేలికపడింది.

ఎక్కువ మోతాదు మాత్ర కొని సగానికి విరిచి వేసుకోవచ్చా?

కొన్ని మందుల్లో రెండు మోతాదులకూ ధర దాదాపు ఒకటే ఉంటుంది కాబట్టి ఈ ఆలోచన సహజమే. మధ్యలో గీత ఉన్న మామూలు మాత్రనైతే డాక్టరో ఫార్మసిస్టో సరేనంటే విరవవచ్చు. పేరు చివర ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్, ఈఆర్ అని ఉన్నవాటిని నలగగొట్టవద్దు, నమలవద్దు, తయారీదారు అనుమతించనిదే విరవవద్దు. అవి గంటల తరబడి కొద్దికొద్దిగా కరిగేలా తయారుచేసినవి. పగలగొడితే మందంతా ఒక్కసారిగా విడుదలవుతుంది. క్యాప్సూళ్ల జోలికీ పోవద్దు.

రెండు మూడు మందులు కలిపిన మాత్ర చవకా, విడివిడిగా కొంటే చవకా?

ఒక్కో మందుకు ఒక్కోలా ఉంటుంది. రెండు ధరలూ అడిగి లెక్క వేయండి. మోతాదు ఇంకా కుదరని రోజుల్లో మాత్రం విడివిడిగానే కొనండి. ఒకటి మారితే కలిపిన మాత్రల పెట్టె మొత్తం మూలపడుతుంది.

రోజూ వేలు గుచ్చి షుగరు చూసుకోవాలా?

స్ట్రిప్పుల ఖర్చంతా ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉంది.

ఇన్సులిన్ వేసుకునేవారు చూసుకోవాలి, ముఖ్యంగా టైప్ 1 (శరీరంలో ఇన్సులిన్ దాదాపు తయారుకాని రకం) ఉన్నవారు, భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకునేవారు, గర్భిణులు. వారికి ఆ అంకె మీదే మోతాదు నిర్ణయమవుతుంది. అక్కడ స్ట్రిప్పులు తగ్గించడం ప్రాణాలతో చెలగాటం. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడేవారు చెమటలు, వణుకు, దడ వచ్చినప్పుడు, బండి నడిపే ముందు, భోజనం తప్పినప్పుడు చూసుకోవాలి.

టైప్ 2 (ఇన్సులిన్ సరిగా పనిచేయని, పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించే రకం) ఉండి, షుగరును పడగొట్టని మందులే వాడుతూ, అదుపు నిలకడగా ఉన్నవారికి రోజువారీ పరీక్ష వల్ల పెద్ద ప్రయోజనం కనబడలేదు. ఇన్సులిన్ వాడని 450 మందితో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం 2017లో వచ్చింది. రోజూ చూసుకున్నవారికీ అసలు చూసుకోనివారికీ ఏడాది తర్వాత హెచ్‌బీఏ1సీలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

అంటే మీటరును పక్కన పడేయమని కాదు. కొన్ని రోజులు ఒక పథకం ప్రకారం చూసుకుంటే ఎక్కువ తెలుస్తుంది. ఈ వారం ఉదయం భోజనానికి ముందు, మళ్లీ తిన్న రెండు గంటలకు చూడండి. వచ్చే వారం రాత్రి భోజనానికి అలాగే చేయండి. ఏ పూట భోజనం షుగరును ఎంత పెంచుతోందో తేలిపోతుంది. కొత్త మందు మొదలైనప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నప్పుడు ఎక్కువసార్లు చూసుకోవాలి. మిగతా రోజుల్లో ఎంత చాలో డాక్టరునే అడగండి. అమ్మకు ఆయన వారానికి రెండు జతల పరీక్షలు చాలన్నారు. ఏడాదికి 1,460 స్ట్రిప్పులు కాస్తా 208 అయ్యాయి.

మీటరు ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

స్ట్రిప్పు ధర. మీటరును చవకగానో ఉచితంగానో ఇచ్చి స్ట్రిప్పుల మీద లాభం తీసుకోవడం ఈ వ్యాపారంలో మామూలే. కాబట్టి ఏడాదికి మీకు ఎన్ని స్ట్రిప్పులు కావాలో ఆ సంఖ్యతో ధరను గుణించి మీటర్లను పోల్చండి. కచ్చితత్వానికి ఐఎస్‌ఓ 15197:2013 ప్రమాణం ఉందో లేదో చూడండి. ఆ ప్రమాణం ప్రకారం ప్రయోగశాల విలువ 100కు తక్కువ ఉంటే మీటరు చూపే తేడా 15 అంకెల లోపు, 100 గానీ అంతకు మించి గానీ ఉంటే 15 శాతం లోపు ఉండాలి. 100 ఫలితాల్లో కనీసం 95 ఈ హద్దులో పడాలి. ఈ విలువలన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో. ఫోనుకు కలవడం, రంగుల తెర వంటి హంగులకు డబ్బు పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. కొన్ని మీటర్లు రక్తం చాలనప్పుడు అదే స్ట్రిప్పుకు రెండో చుక్క అందించే వీలు ఇస్తాయి. చేతులు వణికేవారికి ఆ సౌకర్యం చాలా స్ట్రిప్పులను కాపాడుతుంది.

స్ట్రిప్పులు వృథా కాకుండా ఎలా చూసుకోవాలి?

గోరువెచ్చని నీటితో, సబ్బుతో చేతులు కడిగి పూర్తిగా తుడుచుకోండి. దీంతో రెండు లాభాలున్నాయి. వేడికి రక్తం బాగా వస్తుంది. పండు ఒలిచిన వేలి మీద అంటుకున్న చక్కెర వల్ల అంకె తప్పుగా పెరగడం ఉండదు. ఇలా కడుక్కుంటే స్పిరిట్ దూది కొనవలసిన పనీ లేదు. చేతిని కాసేపు కిందికి వేలాడదీసి, వేలి కొనకు పక్కభాగంలో గుచ్చండి. నడిమధ్య గుచ్చితే నొప్పి ఎక్కువ.

డబ్బా మూత వెంటనే బిగించండి. తేమ తగిలిన స్ట్రిప్పు మీటరుకు బాగానే కనిపిస్తుంది కానీ తప్పు అంకె చూపవచ్చు. బాత్‌రూములో, వంటగది కిటికీ దగ్గర పెట్టవద్దు. స్ట్రిప్పును నిలువుగా చీల్చి రెండుగా వాడుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఆ అంకెను చూసి ఇన్సులిన్ వేసుకుంటే ప్రమాదం.

లాన్సెట్లు, పెన్ సూదులు మళ్లీ వాడవచ్చా?

లాన్సెట్ అంటే వేలు గుచ్చే చిన్న సూది, పెన్ అంటే పెన్నులా ఉండే ఇన్సులిన్ పరికరం. తయారీదారులు చెప్పేది ఒక్కసారికే. సూది కొన ఒకసారి గుచ్చగానే మొద్దుబారడం మొదలవుతుంది. డబ్బు లేక ఎక్కడో ఒకచోట సర్దుకోక తప్పని రోజు వస్తే అది లాన్సెట్ దగ్గర సర్దుకోండి, ఇన్సులిన్ సూది దగ్గర వద్దు. అదీ మీ ఒక్కరికే వాడే లాన్సెట్ అయితేనే. రోగనిరోధక శక్తి తగ్గినవారికి ఆ వెసులుబాటూ లేదు. పెన్‌కు సూదిని అలాగే వదిలేస్తే ఇన్సులిన్ కారిపోతుంది, లోపలికి గాలి చేరుతుంది, మోతాదు తప్పుతుంది.

ఒకరి లాన్సెట్, సూది, పెన్ ఇంకొకరు వాడకూడదు. సూది కొత్తది పెట్టినా పెన్ పంచుకోకూడదు, రక్తం వెనక్కు కార్ట్రిడ్జ్‌లోకి (పెన్ లోపలి ఇన్సులిన్ గొట్టంలోకి) చేరవచ్చు. భార్యాభర్తలైనా అంతే.

సూది పొడవు విషయంలో డబ్బు వృథా చేయనక్కర్లేదు. ఒళ్లు ఎంత ఉన్నా పెద్దవాళ్లలో దాదాపు అందరికీ 4 మిల్లీమీటర్ల సూది చాలు. వాడిన సూదులకు ప్రత్యేక డబ్బా కొనలేకపోతే మూత గట్టిగా బిగుసుకునే మందపాటి ప్లాస్టిక్ సీసా వాడండి.

పాత హ్యూమన్ ఇన్సులిన్‌కు మారితే ఖర్చు తగ్గుతుందా?

చాలాచోట్ల బాగా తగ్గుతుంది. 1921లో టొరంటోలో ఇన్సులిన్‌ను కనుగొన్నవారు 1923లో దాని పేటెంటును ఒక్కొక్కరూ ఒక్క డాలరుకు విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. అది అందరికీ అందాలని వారి కోరిక. నూరేళ్లు దాటాక కూడా ఇన్సులిన్ కొనలేక ఇబ్బందిపడేవారు ఉన్నారంటే మనసు కలుక్కుమంటుంది.

మనిషి శరీరంలో తయారయ్యేదానిలాగే రూపొందించిన హ్యూమన్ ఇన్సులిన్ (రెగ్యులర్, ఎన్‌పీహెచ్, వాటి మిశ్రమం) 1982 నుంచి వాడుకలో ఉంది. గ్లార్జిన్, లిస్‌ప్రో వంటి అనలాగ్‌లు (పనిచేసే వేళ మారేలా కొంచెం మార్చిన ఇన్సులిన్లు) తర్వాత వచ్చాయి. వాటి ధర ఎక్కువ. టైప్ 2 ఉండి కొత్తగా ఇన్సులిన్ మొదలుపెట్టిన 25,000 మందికి పైగా ప్రజల వివరాలను అమెరికాలో పరిశీలించి 2018లో ప్రచురించారు. షుగరు పడిపోయి ఆస్పత్రికి రావడంలో ఎన్‌పీహెచ్ వాడినవారికీ ఖరీదైన అనలాగ్ వాడినవారికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. టైప్ 1 ఉన్నవారికి, రాత్రిళ్లు షుగరు పడిపోయేవారికి అనలాగ్‌లతో మేలు ఎక్కువ.

మార్పు మాత్రం సొంతంగా చేయకూడదు. రెగ్యులర్ ఇన్సులిన్ భోజనానికి సుమారు అరగంట ముందు వేసుకోవాలి. ఎన్‌పీహెచ్ కొన్ని గంటల తర్వాత బలంగా పనిచేస్తుంది కాబట్టి భోజన వేళలు తప్పకూడదు. అనలాగ్ నుంచి మారేటప్పుడు డాక్టర్లు మామూలుగా మోతాదు తగ్గించి మొదలుపెడతారు. అనలాగే కావాలంటే బయోసిమిలర్ (అసలుదాన్ని పోలేలా వేరే కంపెనీ తయారుచేసినది) గురించి అడగండి. గ్లార్జిన్ బయోసిమిలర్‌కు ఐరోపాలో 2014లోనే అనుమతి వచ్చింది. ప్రభావం అదే, ధర తరచుగా తక్కువ.

వయల్ చవకా, పెన్ చవకా?

యూనిట్ ధర చూస్తే మామూలుగా వయల్ (ఇన్సులిన్ సీసా), సిరంజి చవక. కానీ పారేసేదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

యూ-100 (మిల్లీలీటరుకు 100 యూనిట్లు) వయల్ 10 మిల్లీలీటర్లదైతే అందులో 1,000 యూనిట్లు ఉంటాయి. రోజుకు 20 యూనిట్లు వాడేవారికి అది 50 రోజులకు సరిపోవాలి. కానీ తెరిచిన ఇన్సులిన్ చాలా రకాల్లో 28 రోజులే వాడాలి. అంటే 560 యూనిట్లు వాడి 440 పారేయాలి. అదే వ్యక్తి 3 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జ్ తీసుకుంటే 300 యూనిట్లు. రోజూ పరీక్షగా వదిలే 2 యూనిట్లు కలిపినా 13 రోజుల్లో పూర్తవుతుంది, దాదాపు వృథా ఉండదు. 10 మిల్లీలీటర్ల యూ-40 వయల్ అయితే 400 యూనిట్లు, 20 రోజుల్లో అయిపోతుంది. రోజుకు 40 యూనిట్లు వాడేవారికి 1,000 యూనిట్ల వయల్ 25 రోజులకు వస్తుంది, వారికి అదే లాభం. తెరిచాక గడువు అన్నింటికీ ఒకటి కాదు. డెగ్లుడెక్ అనే ఇన్సులిన్‌కు 56 రోజులు. పెట్టెలోని కాగితం చదివి, తెరిచిన తేదీని సీసా మీద రాయండి.

పెన్‌తో ప్రతిసారీ వదిలే ఆ 2 యూనిట్లను మిగుల్చుకోవద్దు. సూది పనిచేస్తోందో లేదో తెలిసేది దానితోనే.

యూ-40 వయల్‌కు యూ-40 సిరంజి, యూ-100కు యూ-100 సిరంజి వాడాలి. తారుమారైతే మోతాదు రెండున్నర రెట్లు పెరగవచ్చు, లేదా రెండున్నర రెట్లు తగ్గవచ్చు. చవకగా దొరికిందని సిరంజిల కట్ట కొనే ముందు ఈ గుర్తు చూడండి.

ఇన్సులిన్ పాడవకుండా ఎలా దాచాలి?

తెరవనిది 2 నుంచి 8 డిగ్రీల మధ్య, ఫ్రిజ్ తలుపులో కాకుండా లోపలి అరలో, ఐసు పేరుకునే చోటుకు దూరంగా పెట్టండి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపించినా పారేయాలి. ఎండలో నిలిపిన కారులో వదిలేసి ఒక వారం ఇన్సులిన్ పాడుచేసిన అనుభవం నాకుంది.

ఫ్రిజ్ లేనివారు నిరాశపడవద్దు. కెన్యాలోని ఒక శరణార్థి శిబిరంలో నమోదైన 25 నుంచి 37 డిగ్రీల ఉష్ణోగ్రతలను ప్రయోగశాలలో కల్పించి, నాలుగు వారాలపాటు ఇన్సులిన్‌ను పరీక్షించారు. 2021లో వచ్చిన ఆ ఫలితాల్లో ఇన్సులిన్ శక్తి దాదాపు తగ్గలేదు. తడి ఇసుకలో ఉంచిన మట్టికుండ కూడా కొంత చల్లదనం ఇస్తుంది. మీ పద్ధతి ఏదైనా డాక్టరుకు చెప్పండి. పారదర్శకంగా ఉండవలసిన ఇన్సులిన్ మసకబారినా, పలుకులు కనిపించినా వాడవద్దు.

సూది గుచ్చే చోట గడ్డలున్నాయి. దానికీ ఖర్చుకూ సంబంధం ఉందా?

ఉంది, ఇది చాలామంది గమనించనిది. ఒకేచోట గుచ్చితే చర్మం కింద కొవ్వు గట్టిపడుతుంది. అక్కడ నొప్పి తెలియదు కాబట్టి మళ్లీ అక్కడే గుచ్చుతాం. ఆ గడ్డలోంచి ఇన్సులిన్ సరిగా రక్తంలోకి చేరదు. షుగరు తగ్గలేదని మోతాదు పెంచుతూ పోతాం. వేళ్లతో తడిమి చూసుకోండి, ప్రతిసారీ వేలెడు దూరం జరిపి గుచ్చండి. గడ్డ లేనిచోటికి మారిన రోజు పాత మోతాదే వేస్తే షుగరు పడిపోవచ్చు. ముందు డాక్టరుతో మాట్లాడి తగ్గించుకోండి. కొత్త మందేమీ లేకుండానే ఇన్సులిన్ వాడకం తగ్గే మార్గం ఇది.

షుగరును నిరంతరం చూపేలా చర్మానికి అతికించే సెన్సరు నాకు తప్పనిసరా?

రోజుకు చాలాసార్లు ఇన్సులిన్ వేసుకునేవారికి, షుగరు పడిపోతున్నా తెలియనివారికి దాని విలువ ఎక్కువ. మిగతావారు నిరంతరం పెట్టుకోనక్కర్లేదు. కొన్ని నెలలకోసారి ఒక్క సెన్సరు పెట్టుకొని ఆ పది పదిహేను రోజులు భోజనం, నడక, నిద్ర రాసుకుంటే నేర్చుకోవలసింది చాలా నేర్చుకోవచ్చు. గడువుకు ముందే ఊడిపోయిన, ఆగిపోయిన సెన్సరును పారేయవద్దు. పెట్టె మీది వరుస సంఖ్యతో కంపెనీకి ఫోను చేయండి. చాలా కంపెనీలు కొత్తది పంపుతాయి.

ల్యాబ్ పరీక్షల్లో ఏవి మానుకోవచ్చు?

హెచ్‌బీఏ1సీ గత రెండు మూడు నెలల సగటును చెబుతుంది. నెలనెలా చేయిస్తే డబ్బు దండగ. అదుపులో ఉన్నవారికి ఏడాదికి రెండుసార్లు, మందు మారినవారికి, అదుపు లేనివారికి మూడు నెలలకోసారి చాలు. అన్ని పరీక్షలూ కలిపిన పెద్ద ప్యాకేజీలకు బదులు అవసరమైనవే డాక్టరుతో రాయించుకోండి.

ఏడాదికోసారి కంటి తెర పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ (ఈ రెండూ కిడ్నీల స్థితిని చెప్పేవి), పాదాల పరీక్ష మానవద్దు. చూపు తగ్గేదాకా, డయాలసిస్ దాకా వెళ్లాక అయ్యే ఖర్చును ఏ ఆదా తీర్చలేదు. మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడేవారికి బీ12 తగ్గవచ్చు, దాన్ని అప్పుడప్పుడు చూపించుకోవాలి. రాత్రి పడుకునే ముందు అరికాళ్లు అద్దంలో చూసుకోవడానికి మాత్రం పైసా ఖర్చు లేదు.

మధుమేహాన్ని నయం చేస్తామనే పొడులు, ప్రత్యేక బిస్కెట్లు?

కొనవద్దు. మూలికల పేరుతో అమ్మే కొన్ని పొడుల్లో మెట్‌ఫార్మిన్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మందులను రహస్యంగా కలిపినట్టు చాలా దేశాల్లో పరీక్షల్లో బయటపడింది. షుగరు తగ్గిందని సంబరపడి అసలు మందు మానేసినవారు, రెండూ వేసుకొని స్పృహ తప్పినవారు ఉన్నారు. ప్రత్యేక బిస్కెట్లలో చక్కెర లేకపోయినా పిండి, కొవ్వు ఉంటాయి. ఆ డబ్బుతో కూరగాయలు కొనండి.

ఆన్‌లైన్‌లో, తెలిసినవారి దగ్గర మిగిలినవి కొనవచ్చా?

లైసెన్సు ఉన్న ఫార్మసీ అయితే కొనవచ్చు. పెట్టె సీలు, బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ చూసి తీసుకోండి. ఇన్సులిన్ చల్లగా వచ్చిందో లేదో చూడకుండా సంతకం పెట్టవద్దు. తెరిచిన స్ట్రిప్పుల డబ్బా, ఎవరింట్లోనో మిగిలిన ఇన్సులిన్ కొనవద్దు. అవి ఏ వేడిలో ఉన్నాయో చూసి చెప్పలేం. మోతాదు నిలకడగా ఉంటే మూడు నెలల మాత్రలు ఒకేసారి కొని తగ్గింపు అడగండి.

సహాయం ఎక్కడ దొరుకుతుంది?

ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితంగా ఇచ్చే మందుల జాబితాను అడిగి తెచ్చుకోండి. చీటీలోని మందుల్లో ఒకటి రెండైనా అందులో ఉంటాయి. మిగతావే బయట కొనవచ్చు. బీమా ఉంటే స్ట్రిప్పులు, సూదులు, సెన్సరు అందులోకి వస్తాయో రాతపూర్వకంగా అడగండి. ఒకసారి కాదన్నా డాక్టరు లేఖతో మళ్లీ దరఖాస్తు చేయండి. ఇన్సులిన్ కంపెనీలు చాలా దేశాల్లో పేదలకు సహాయ పథకాలు నడుపుతున్నాయి. తక్కువ ఆదాయ దేశాల్లోని టైప్ 1 పిల్లలకు, యువతకు ఇన్సులిన్, స్ట్రిప్పులు అందించే లైఫ్ ఫర్ ఎ చైల్డ్ కార్యక్రమం 2000లో మొదలైంది. పిల్లల డాక్టరును దాని గురించి అడగండి.

ఈ నెల అన్నీ కొనలేను. ఏది ముందు కొనాలి?

టైప్ 1 అయితే ఇన్సులిన్, సిరంజిలు. మిగతావన్నీ వాటి తర్వాతే. తిండి తినలేకపోయినా దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ ఆపకూడదు. ఆపితే ఒక్క రోజులోనే కీటోఅసిడోసిస్ (రక్తంలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి వచ్చే స్థితి) రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, వేగంగా ఊపిరి తీయడం, నోట్లో పండు వాసన కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. తర్వాత స్థానం స్ట్రిప్పులది.

టైప్ 2 ఉండి ఇన్సులిన్ వాడుతున్నా ముందు ఇన్సులినే. మాత్రలు మాత్రమే వాడేవారు మెట్‌ఫార్మిన్‌తోపాటు బీపీ మాత్రను, కొలెస్టరాల్ మాత్రను కూడా వదలవద్దు. షుగరు మందు కాదు కదా అని మొదట వాటినే మానేస్తారు. మధుమేహం ఉన్నవారిని గుండెపోటు, పక్షవాతం నుంచి కాపాడేవాటిలో అవే ముఖ్యం, జెనరిక్‌లో అవి చవక కూడా. విటమిన్లు, పొడులు, ప్రత్యేక ఆహారాలు ఈ నెల ఆపేయండి. మందు అయిపోయేదాకా ఆగకుండా, ఇంకా వారం రోజులకు సరిపడా ఉండగానే డాక్టరుకు ఫోను చేసి పరిస్థితి చెప్పండి. ఆ వారంలో చవకైన మందు రాయడానికో, ప్రభుత్వ ఆస్పత్రికి పంపడానికో ఆయనకు సమయం దొరుకుతుంది.